లైనక్స్ కెర్నెల్‌లో పాత ప్రాసెసర్లకు ఎంతకాలం చోటివ్వాలి?

సంపాదకులకు నమస్కారం.

486 తరం ప్రాసెసర్లను (పాత ఇంటెల్ చిప్‌లను) లైనక్స్ కెర్నెల్ నుంచి, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూలభాగం నుంచి, తీసేసే ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. అప్పటి నుంచి ఒక వాదన తరచూ వినిపిస్తోంది. పాత కంప్యూటర్లతో నెట్టుకొస్తున్న బడులకు, చిన్న ఆఫీసులకు ఇది దెబ్బ అని. అలా అనేవాళ్ల ఉద్దేశం మంచిదే గానీ, దెబ్బ ఎక్కడ తగలబోతోందో వాళ్లు తప్పుగా చూపిస్తున్నారు. 486 పెట్టెల్లో మామూలుగా ఉండేది 8 లేదా 16 మెగాబైట్ల మెమరీ. ఈనాటి డిస్ట్రిబ్యూషన్ల (డెబియన్, రెడ్‌హ్యాట్ లాంటి లైనక్స్ కూర్పుల) కెర్నెల్ లోడయ్యేందుకే అది చాలదు. ఇంటెల్ సంస్థ 486 తయారీని 2007లోనే ఆపేసింది. దాన్ని తీసేస్తే మన దగ్గర కొత్తగా ఆగిపోయే పని ఏదీ లేదు. ఆగిపోగలిగినవి వేరే ఉన్నాయి, వాటి సంగతి కింద రాస్తాను. ముందు అసలు ఎందుకు తీస్తారో చెప్పుకోవాలి, ఎందుకంటే ‘పాతబడింది కాబట్టి’ అన్నది ఎప్పుడూ పూర్తి కారణం కాదు.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్‌ను మొదలుపెట్టింది 486కు ముందుతరమైన 386 మీదే. ఆ 386నే 2012 డిసెంబరులో తొలగించారు. 3.8 వెర్షన్ నుంచి అది లేదు. 386లో ఒక లోపం ఉండేది. ఒక మెమరీ పేజీకి (మెమరీని విభజించే స్థిర పరిమాణపు ముక్కకు) ‘చదవడానికి మాత్రమే’ అని గుర్తు పెట్టినా, కెర్నెల్ స్థాయిలో నడిచే కోడ్‌ను ఆ గుర్తు ఆపేది కాదు. కెర్నెల్ నేరుగా అందులో రాసేయగలిగేది. రెండు ప్రాసెస్‌లు ఒకే పేజీని పంచుకుని, ఎవరో ఒకరు రాయబోయినప్పుడే విడిగా కాపీ తీసే పద్ధతి మొత్తం ఆ గుర్తు మీదే ఆధారపడి ఉంటుంది. అందువల్ల 386 కోసం, యూజర్ మెమరీలోకి ఏదైనా రాసే ముందు ఒక్కో పేజీనీ తనిఖీ చేసి, తర్వాతే రాయాల్సి వచ్చేది. తనిఖీకీ రాతకీ మధ్యలో ఇంకో థ్రెడ్ (అదే ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే పని) వచ్చి ఆ పేజీ పరిస్థితిని మార్చేస్తే తనిఖీ చేసి లాభం లేదు. ఈ ఇబ్బంది 386 వాడేవాళ్లకే పరిమితం కాలేదు. మెమరీ విభాగంలో మార్పు చేసే ప్రతి ప్రోగ్రామరూ ఆ ఒక్క చిప్‌ను గుర్తుపెట్టుకుని కోడ్ రాయాల్సి వచ్చేది.

486 కథా ఇలాంటిదే. అందులో లేనిది ఎనిమిది బైట్ల విలువను ఒక్క ఊపులో పోల్చి మార్చే ఇన్‌స్ట్రక్షన్ (ప్రాసెసర్‌కిచ్చే ఆదేశం). అది 1993లో పెంటియంతో వచ్చింది. 32-బిట్ కెర్నెల్‌లో కూడా 64-బిట్ లెక్కలు చాలా ఉంటాయి. నాలుగేసి బైట్ల చొప్పున రెండు విడతల్లో రాస్తే, మధ్యలో ఇంటరప్ట్ (చేస్తున్న పనిని ఆపించే హార్డ్‌వేర్ పిలుపు) వచ్చినప్పుడు సగం పాత విలువ, సగం కొత్త విలువ చదివే ప్రమాదం ఉంది. అందుకని కెర్నెల్ బూట్ అవుతున్నప్పుడే ప్రాసెసర్ ఏదో చూసుకుని, అవసరమైన ప్రతి చోటా తన కోడ్‌ను తానే దిద్దుకుంటుంది. ఇన్‌స్ట్రక్షన్ ఉంటే దాన్నే పెడుతుంది, లేకపోతే ఒక చిన్న రొటీన్‌ను పిలిచేలా మారుస్తుంది. ఆ రొటీన్ ఇంటరప్ట్‌లు ఆపి, రెండు ముక్కలనూ పోల్చి, రాసి, మళ్లీ ఇంటరప్ట్‌లను అనుమతిస్తుంది. ఒకే ప్రాసెసర్ ఉన్న పెట్టెలో ఇది సరిపోతుంది. కానీ ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్ ఒకటి ఉంటుంది, అది వచ్చినప్పుడు సరిపోదు.

దీనికి తోడు 486లో ప్రాసెసర్ అడుగులను లెక్కపెట్టే టైమ్ స్టాంప్ కౌంటర్ కూడా లేదు. అది లేకపోతే సమయం లెక్కకు సెకనుకు సుమారు 11.93 లక్షల సార్లు తిరిగే పాత టైమర్ చిప్‌నే నమ్ముకోవాలి. దాన్ని చదవడం నిదానం, పైగా యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి కావాల్సిన సూక్ష్మమైన తేడాలు దాని నుంచి సరిగా దొరకవు. 2025 ప్యాచ్‌లు ఈ రెండు సదుపాయాలనూ తప్పనిసరి చేస్తూ 14 వేలకు పైగా లైన్లను తీసేయాలన్నాయి. వాటిలో ఎక్కువ భాగం, గణిత యూనిట్ లేని 486ఎస్ఎక్స్ లాంటి చిప్‌ల కోసం దశాంశ లెక్కలను సాఫ్ట్‌వేర్‌తో చేసే కోడ్. ఆ కోడ్ తనంతట తాను ఎవరికీ అడ్డు కాదు. చిక్కల్లా, దాన్ని నిజమైన చిప్ మీద నడిపి చూసేవాళ్లు లేకపోవడం. ఎవరూ నడిపి చూడని కోడ్ కంపైల్ అయినంత మాత్రాన పనిచేస్తోందనుకోవడం తప్పు.

నా దృష్టిలో అన్నిటికన్నా బోధపరిచే ఉదాహరణ ఆల్ఫా. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ తయారుచేసిన ఈ 64-బిట్ ప్రాసెసర్ 1990లలో ఎంతో వేగవంతమైనది. కానీ దాని మొదటి తరాల్లో, అంటే ఈవీ4, ఈవీ5లలో, ఒక్క బైట్‌ను మెమరీలో రాసే ఇన్‌స్ట్రక్షనే లేదు. ఒక బైట్ మార్చాలంటే నాలుగు బైట్లను రిజిస్టర్‌లోకి (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వలోకి) తెచ్చుకోవాలి, అందులో ఒకటి మార్చాలి, నాలుగింటినీ తిరిగి రాయాలి. ఇప్పుడు పక్కపక్కనే రెండు బైట్లు ఉన్నాయనుకోండి. ఒక ప్రాసెసర్ మొదటి బైట్‌ను మారుస్తోంది, అదే క్షణంలో ఇంకో ప్రాసెసర్ రెండోదాన్ని మారుస్తోంది. ఇద్దరూ పాత నాలుగు బైట్లనే తెచ్చుకున్నారు. మొదటిది రాసింది, తర్వాత రెండోది రాసింది. రెండోది రాసిన నాలుగు బైట్లలో మొదటి బైట్ పాతదే. అంటే మొదటి ప్రాసెసర్ చేసిన మార్పు ఆనవాలు లేకుండా పోయింది. ఆ రెండు బైట్లకూ వేర్వేరు లాకులు (ఒకేసారి ఇద్దరు మార్చకుండా వేసే తాళాలు) సరిగ్గా పెట్టినా ఇదే జరుగుతుంది. కోడ్ చదివినవాళ్లకు తప్పు కనబడదు, ఎందుకంటే కోడ్‌లో తప్పు లేదు.

పక్క బైట్ చెడదన్న నమ్మకం మీదే కెర్నెల్ మొత్తం నిలబడి ఉంది. ఒక్క పాత ఆల్ఫా కోసం ఆ నమ్మకాన్ని వదులుకోవాలంటే, చిన్న చిన్న ఫ్లాగులున్న (అవును-కాదు గుర్తులున్న) ప్రతి డేటా స్ట్రక్చర్‌నూ వెతికి సరిచూడాలి. అందుకే 2024లో వచ్చిన 6.10లో ఈవీ5, అంతకు ముందువాటిని తీసేసి, బైట్ రాసే ఇన్‌స్ట్రక్షన్లున్న ఈవీ56 నుంచి తర్వాతి ఆల్ఫాలను ఉంచారు. ఒకే కుటుంబంలో కొన్నింటిని ఉంచి కొన్నింటిని తీశారు. రావాల్సిన తీర్పు అదేనని నా అభిప్రాయం.

ఈ లెక్కలో చూస్తే వయసుకు పెద్ద విలువ లేదు. ఎన్‌డీఎస్32 అనే తైవాన్ ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) 2018లో 4.17 వెర్షన్‌తో కెర్నెల్‌లోకి వచ్చి, 2022లో 5.18తో బయటికి పోయింది. చూసుకునే మనిషి లేడు. 1979 నాటి మోటరోలా 68000 కుటుంబం మాత్రం ఈరోజుకీ ఉంది. గీర్ట్ ఉయిటర్‌హోవెన్ ఏళ్ల తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. ఇతర కంప్యూటర్లను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే క్యూఎము ఎమ్యులేటర్‌లో దానికంటూ ఒక వర్చువల్ మెషీన్ ఉంది కాబట్టి, అసలు పెట్టె లేనివాళ్లు కూడా బూట్ చేసి చూడగలరు. దానికీ ఒక పేచీ లేకపోలేదు. ఆ కుటుంబంలో నాలుగు బైట్ల సంఖ్య కూడా రెండు బైట్ల సరిహద్దు మీద కూర్చోగలదు. కామన్ కోడ్‌లో మాత్రం పాయింటర్ (మెమరీ చిరునామా) చివరి రెండు బిట్లూ ఎప్పుడూ సున్నాలేనన్న ధీమాతో వాటిలో ఫ్లాగులు దాచే అలవాటు ఉంది. అది అక్కడ తప్పిపోతుంది. కానీ తప్పినప్పుడు చూసి, చెప్పి, ప్యాచ్ పంపేవాళ్లున్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇంటెల్ వారి సర్వర్ ప్రాసెసర్ ఐటానియంకు ఆ అదృష్టం పట్టలేదు. ఇంటెల్ చివరి ఐటానియంను 2021 జులైలో పంపింది. అదే ఏడాది కెర్నెల్‌లో దాన్ని అనాథగా నమోదు చేశారు. 2024 జనవరిలో వచ్చిన 6.7లో దాదాపు 65 వేల లైన్లతో సహా తీసేశారు. ముందు వెర్షన్ అయిన 6.6 దీర్ఘకాలిక మద్దతున్నది, కాబట్టి వాడేవాళ్లకు వెంటనే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోలేదు. తిరిగి చేర్చమని కొందరు అడిగినప్పుడు, ఏడాది పాటు బయటే నిర్వహించి చూపించండి, మిగతా కెర్నెల్‌కు భారం కాదని తేలాక అడగండి అన్న అర్థంలో లైనస్ జవాబిచ్చారు. అది న్యాయమైన షరతు. హెచ్8/300 అనే ఇంకో ఆర్కిటెక్చర్‌ను ఒకసారి తీసేసి, నడిపేవాళ్లు ముందుకొచ్చాక 4.2లో మళ్లీ చేర్చుకున్నారు. వాళ్లు తప్పుకున్నాక 2022లో మళ్లీ తీసేశారు. పాత మార్పులన్నీ దాచుకునే గిట్ చరిత్రలో కోడ్ ఎక్కడికీ పోదు.

ఒక్కోసారి కెర్నెల్ కన్నా ముందు కంపైలరే (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రామే) తలుపు మూస్తుంది. ఆల్ఫాకు, హెచ్‌పీ పాత ప్రాసెసర్ పీఏ-రిస్క్‌కు ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ సాధనంలో బ్యాకెండ్ (ఆ ప్రాసెసర్‌కు కోడ్ ఇచ్చే భాగం) లేదు, కాబట్టి దాని మీద ఆధారపడిన మామూలు రస్ట్ భాష కంపైలర్ వాటికి కోడ్ తయారుచేయలేదు. కెర్నెల్‌లోనూ, డెబియన్ ప్యాకేజీ సాధనాల్లోనూ రస్ట్ పెరిగేకొద్దీ ఈ యంత్రాలు మెల్లగా విడిపోతాయి. తీసేయాలని ఎవరూ ప్రత్యేకంగా నిర్ణయించనక్కర్లేదు.

ఇక మనకు సంబంధించిన సంగతి. అసలు ఆలోచించాల్సింది 32-బిట్ యంత్రాల గురించి, అందులోనూ 32-బిట్ ఆర్మ్ ప్రాసెసర్ల గురించి. రౌటర్లు, కార్డు యంత్రాలు, మీటర్లు, ఫ్యాక్టరీ కంట్రోలర్ల వంటి వాటిలో ఇవి విస్తారంగా ఉన్నాయి. ఇవన్నీ పాత సరుకు అనుకుంటే పొరపాటు. మైక్రోచిప్ సంస్థ 2020లో మార్కెట్లోకి తెచ్చిన శామ్9ఎక్స్60లో ఉన్నది ఆర్మ్926 కోర్. అది ఈ శతాబ్దం మొదట్లోని డిజైన్. పాత ఆర్కిటెక్చర్, కొత్త చిప్. దీన్ని 486తో ఒకే గాటన కట్టడం తప్పు, 32-బిట్ ఆర్మ్ తొలగింపులో తొందరపడితే నేను వ్యతిరేకిస్తాను. అయితే వీటిలోనూ తీసేయాల్సింది ఒకటుంది. అది హైమెమ్. 32-బిట్ ఎక్స్86 కెర్నెల్ మామూలు అమరికలో 896 మెగాబైట్ల మెమరీనే నేరుగా చూడగలదు. అంతకు మించినదాన్ని అవసరమైనప్పుడల్లా తాత్కాలికంగా మ్యాప్ చేసుకుని, పని కాగానే వదిలేయాలి. దీనికోసం ఫైల్‌సిస్టమ్ కోడ్ అంతటా మ్యాప్, అన్‌మ్యాప్ కాల్స్ మోయాల్సి వస్తోంది. నాలుగు గిగాబైట్లు బిగించిన 32-బిట్ యంత్రాలు బహు తక్కువ. 512 మెగాబైట్లు, అంతకన్నా తక్కువ ఉన్న చిన్న పరికరాలకు హైమెమ్ అక్కర్లేదు. ఉన్న కొద్దిమంది కోసం హైమెమ్‌ను నిలబెట్టడం కన్నా దాన్ని వదిలించుకుని, చిన్న పరికరాలకు మద్దతు పొడిగించడమే మేలు.

బడుల్లో, కాలేజీ ల్యాబుల్లో ఉన్న పీసీల విషయానికొస్తే, భయపడేముందు ఒక్క పని చేయాలి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) కమాండ్ కొట్టి, ఫ్లాగ్స్ వరసలో ‘ఎల్ఎం’ (lm) అనే రెండక్షరాలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే అది 64-బిట్ ప్రాసెసరే. దాని మీద ఎవరో 32-బిట్ సిస్టమ్ ఎక్కించారంతే. 2006 తర్వాతి కోర్ 2 డ్యుయో, పెంటియం డ్యుయల్ కోర్ డెస్క్‌టాప్ పీసీలన్నీ ఈ కోవలోవే. డెబియన్ 13 నుంచి 32-బిట్ ఇంటెల్ రకానికి ఇన్‌స్టాలర్, కెర్నెల్ ఇవ్వడం లేదు గానీ, ఈ పీసీల్లో 64-బిట్ డెబియన్ నిక్షేపంగా నడుస్తుంది. రెండు గిగాబైట్ల మెమరీ ఉంటే ఎల్ఎక్స్‌క్యూటీ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ వేసి, మెమరీని కుదించి వాడే జెడ్‌ర్యామ్ ఆన్ చేయాలి. అప్‌గ్రేడ్ కాకుండా కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం మంచిది, 32 నుంచి 64కు ఉన్నచోటే మార్చబోతే ప్యాకేజీలు సగంలో చిక్కుకుంటాయి. నిజంగా 32-బిట్‌కే పరిమితమైనవి 2008 నాటి నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270, పెంటియం ఎం, మొదటి కోర్ డ్యుయో వంటివి. వాటికి డెబియన్ 12 వేసుకుంటే 2028 జూన్ వరకు దీర్ఘకాలిక మద్దతు ఉంటుంది.

ఇక్కడ ఒక తికమక కూడా తీర్చాలి. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ 9 కోర్ 2 డ్యుయో మీద ఎక్కకపోతే అది కెర్నెల్ తప్పు కాదు. ఆ డిస్ట్రిబ్యూషన్ తన ప్రోగ్రాములను ఎస్ఎస్ఈ4.2 వంటి ఇన్‌స్ట్రక్షన్లున్న ప్రాసెసర్లకే కంపైల్ చేస్తోంది. అదే కెర్నెల్ వేరే డిస్ట్రిబ్యూషన్‌లో ఆ పీసీ మీదే నడుస్తుంది. ఇంకో చిన్న విషయం: పాత మదర్‌బోర్డుల్లో సీఆర్2032 బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, వెబ్‌సైట్ల సర్టిఫికెట్లన్నీ చెల్లవని బ్రౌజర్ అంటుంది. దాన్ని చూసి సిస్టమ్ పాతబడిపోయిందని పక్కన పడేయొద్దు, ముందు బ్యాటరీ మార్చండి.

అసలు గండం 2038. సమయాన్ని 32 బిట్లలో సెకన్లుగా లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఏడాది జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లతో అంకెలు అయిపోతాయి. తర్వాతి సెకను (అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీ ప్రకారం) 1901 డిసెంబరు 13కు పోతుంది. 32-బిట్ యంత్రాల కోసం కెర్నెల్‌లో దీన్ని పూర్తిగా సరిచేసింది 2020లో వచ్చిన 5.6లో. అంతకన్నా పాత కెర్నెల్ ఉన్న 32-బిట్ పరికరం ఇప్పుడు కొంటే, పదిహేనేళ్లు పనిచేయాల్సిన చోట అది పన్నెండేళ్లకే తప్పు తేదీలు చెప్పడం ఖాయం. కెర్నెల్ ఒక్కటే కొత్తదైతే చాలదు. ప్రోగ్రాములన్నీ వాడుకునే సీ లైబ్రరీ కూడా 64-బిట్ సమయంతో కంపైల్ అయి ఉండాలి. సీ లైబ్రరీల్లో ఒకటైన గ్లిబ్‌సీలో ఈ సౌకర్యం 2.34లో వచ్చింది, అదీ ఆప్షన్ పెడితేనే. ఇంకో సీ లైబ్రరీ అయిన మజిల్‌లో 1.2 నుంచి తనంతట తానే ఉంటుంది.

పరీక్షించడం కష్టం కాదు. పనిలో ఉన్న పరికరం మీద మాత్రం చేయొద్దు, విడిగా ఒకటి తీసుకోండి. నెట్‌వర్క్ వైరు పీకేయండి, లేకపోతే టైమ్ సర్వర్ తేదీని తిరిగి సరిచేసేస్తుంది. తేదీని 2038 జనవరి 19, యూటీసీలో 3 గంటల 14 నిమిషాలకు పెట్టండి. పది సెకన్లు ఆగి మళ్లీ తేదీ అడగండి. తర్వాత ఒక ఫైల్ సృష్టించి దాని తేదీ చూడండి. అక్కడితో ఆపకుండా పరికరాన్ని రీబూట్ చేయండి, ఎందుకంటే చాలా వాటిలో కెర్నెల్ తట్టుకున్నా, బూట్ స్క్రిప్టులు, షెడ్యూలర్లు వెనక్కి పోయిన సమయాన్ని చూసి లూపులో పడతాయి. చివర్లో సిస్టమ్ తేదీతో పాటు హార్డ్‌వేర్ గడియారాన్నీ యథాస్థితికి తీసుకురండి.

ఈ పరీక్షలో సాధారణంగా దొరకని తప్పు ఒకటి ఫైల్‌సిస్టమ్‌లో ఉంటుంది. లైనక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌టీ4లో ఐనోడ్ (ఒక్కో ఫైల్ వివరాలుండే రికార్డు) సైజు 256 బైట్లయితే తేదీలు 2446 వరకు పడతాయి. 128 అయితే 2038తో సరి. ఫార్మాట్ చేసే సాధనం పాత వెర్షన్లు 512 మెగాబైట్ల లోపు పార్టిషన్లకు అడగకుండానే 128 పెట్టేవి. చిన్న పరికరాల ఫ్లాష్ పార్టిషన్లు సరిగ్గా ఆ సైజులోనే ఉంటాయి. 5.4 లేదా ఆ తర్వాతి కెర్నెల్ అయితే, మౌంట్ చేసినప్పుడు ఈ ఫైల్‌సిస్టమ్ 2038 వరకే టైమ్‌స్టాంపులు పట్టగలదన్న లైను కెర్నెల్ సందేశాలు చూపే dmesg కమాండ్‌లో కనబడుతుంది. కనబడితే డేటా వేరేచోట భద్రపరిచి, ఐనోడ్ సైజు 256తో మళ్లీ ఫార్మాట్ చేయడమే శుభ్రమైన మార్గం.

ఇవన్నీ పరికరాలు కొన్నాక చేసేకన్నా టెండరులోనే రాసుకోవడం మంచిది. లైనక్స్ ఉన్న ఏ పరికరం కొన్నా, ఏ కెర్నెల్ వెర్షన్, దానికి మద్దతు ఎప్పటివరకు అన్నది రాతపూర్వకంగా అడగాలి. మామూలు దీర్ఘకాలిక కెర్నెళ్లకు మొదట్లో రెండేళ్ల హామీయే ఇస్తున్నారు. మౌలిక వసతుల్లో వాడే పరికరాలైతే, లైనక్స్ ఫౌండేషన్ కింద నడిచే సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ ఎంచుకున్న వెర్షన్లను, అంటే 5.10, 6.1, 6.12 లాంటివాటిని కోరవచ్చు. వాటికి దాదాపు పదేళ్ల మద్దతుంటుంది. బోర్డు సపోర్ట్ మెయిన్‌లైన్ (లైనస్ విడుదల చేసే అసలు) కెర్నెల్‌లో ఉందా, లేక అమ్మకందారు దగ్గరున్న విడి ప్యాచ్‌లలోనే ఉందా అన్నది రెండో ప్రశ్న. విడి ప్యాచ్‌లు అయితే ఆ సంస్థ ఆసక్తి పోయిన రోజే మద్దతూ పోతుంది. కెర్నెల్ సోర్స్ అడగడానికి దాని లైసెన్సు అయిన జీపీఎల్ రెండో వెర్షన్ కొనుగోలుదారుకు హక్కిస్తోంది. సోర్స్, కాన్ఫిగరేషన్ ఫైల్, కంపైలర్ వెర్షన్ వివరాలు పరికరాలతో పాటే చేతికి రావాలని, వాటితో తయారుచేసిన ఇమేజ్ బూట్ అయి చూపించాకే బిల్లు చెల్లిస్తామని షరతు పెట్టాలి. రెండు రాష్ట్రాల ఐటీ శాఖలూ తమ నమూనా టెండర్ పత్రాల్లో ఈ అంశాలను, 2038 పరీక్షతో సహా, చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు,
హైదరాబాద్